నిన్నటి నిల్వ తెలియనిదే నేటి లోటు తెలియదు

(మేధో వైకల్యము గలవారి వార్ధక్యమును గూర్చి పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

పంచాయతీ జమాఖర్చుల పుస్తకమును చదువు పద్ధతి సభ్యులందరు ఎరిగినదే. సంవత్సరాంతమున ఖాతాలో ఇంత సొమ్ము కలదని చెప్పినంత మాత్రమున ఆ యేడు పెరుగుదలయో తరుగుదలయో తేలదు. ఏప్రిల్ మొదటి తేదీన ఉన్న ప్రారంభపు నిల్వ ఎంతయో తెలియవలెను. ప్రారంభపు నిల్వ లేని లెక్కను ఏ ఆడిటరును అంగీకరింపడు. ఈ చిన్న సూత్రమే ఈ మాసపు పాఠమునకు మూలము. అయితే మనము చూడబోవు లెక్క సొమ్మునకు సంబంధించినది కాదు. పుట్టుకనుండి గాని బాల్యమునుండి గాని బుద్ధిశక్తి తక్కువగా ఉండి, నేడు వయస్సు మీరుచున్న మన ఊరి మనుష్యులకు సంబంధించినది.

ఎవరిని గూర్చి ఈ పాఠము

పూర్వము బుద్ధిమాంద్యమని వ్యవహరించిన స్థితిని నేడు మేధో వైకల్యము అనుచున్నాము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఇది యొకటి. నేర్చుకొనుట, ఆలోచించుట, సమస్యలను పరిష్కరించుకొనుట యందు కొరతయును, నిత్యజీవితపు పనులను నిర్వహించుకొనుటయందు కొరతయును కలసియుండుట దీని లక్షణము. ఇది పిచ్చి కాదు. మతిమరపు వ్యాధియును కాదు. 2011 జనాభా లెక్కలలో దేశమున 2 కోట్ల 68 లక్షల మంది వైకల్యము గలవారు నమోదు కాగా, అందు 15 లక్షల మందికి పైగా ఈ వర్గమునకు చెందినవారు.

ఇట్టివారు ముసలితనము వరకు జీవించుట ఒకప్పుడు అరుదు. మేధో వైకల్యమునకు కారణమగు స్థితులలో ప్రధానమైన డౌన్ సిండ్రోమునే తీసికొందము. పాశ్చాత్య దేశములలో 1949 ప్రాంతమున ఆ స్థితి గలవారి సగటు ఆయుర్దాయము సుమారు 12 సంవత్సరములు. నేడు అచ్చట అది సుమారు 60 సంవత్సరములకు చేరినది. అంటురోగములకు మందులు, గుండె లోపములకు శస్త్రచికిత్సలు వచ్చుటయే ఇందులకు ముఖ్య కారణము. ఇది సంతోషింపదగిన మార్పే. కాని దీర్ఘాయువుతోపాటు వార్ధక్యపు చిక్కులును వచ్చినవి. ఆ చిక్కులను గుర్తించు విద్య గ్రామములకు ఇంకను చేరవలసియున్నది.

ఒక ఊరు, ఒక మనిషి

ఒక ఊరిలో నలుబదియారేండ్ల మనిషి ఒకడు కలడనుకొందము. పిల్లలందరు అతనిని బాబాయి అని పిలుతురు. అతనికి చదువు రాలేదు, లెక్క రాలేదు, మాట కొంచెము నత్తి. అయినను ప్రతిదినము సాయంకాలము రెండు గేదెలను చెరువునకు తోలుకొనిపోయి కడిగి తెచ్చును. పాలక్యాను మోసికొని పాలకేంద్రమునకు పోయి, చీటి తెచ్చి వదిన చేతికిచ్చును. తల్లి పోయిన పిదప అతనిని చూచుచున్నది ఆ వదినయే.

గత సంక్రాంతి మొదలు వదినకు కొన్ని మార్పులు కనబడినవి. బాబాయి ఒక గేదెను మాత్రము తోలుకొని వచ్చుచున్నాడు. చొక్కా తిరగవేసి తొడుగుచున్నాడు. గడపయొద్ద ఆగి, కాలు ముందునకు వేయుటకు భయపడుచున్నాడు. పిలిచినను ఒక్కొక్కప్పుడు పలుకడు. ఆమె ఇరుగుపొరుగుతో చెప్పినది. "వాడెప్పుడూ అంతే గదమ్మా, ఇప్పుడు కొత్తేముంది?" అని వారు నవ్విరి. కొందరు "మొండికేశాడు, రెండు తగిలిస్తే దారికొస్తాడు" అనిరి.

ఈ రెండు మాటలలోను గొప్ప ప్రమాదము కలదు. మొదటి మాట వలన నయము కాగల జబ్బు నయము కాకుండ మిగిలిపోవును. రెండవ మాట వలన జబ్బుపడినవానికి దెబ్బలు తగులును. ఈ ప్రమాదమును తప్పించుటకే మార్పును సరిగా కొలుచుట మనము నేర్చుకొనవలసియున్నది.

అందరి కొలబద్ద ఇచ్చట ఏల పనికిరాదు

వృద్ధులలో డిమెన్షియా, అనగా జ్ఞాపకమును ఆలోచనయు క్రమముగా క్షీణించు వ్యాధి కలదేమోయని చూచుటకు వైద్యులు కొన్ని ప్రశ్నలు వేయుదురు. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులును మెక్ హ్యూ అను వైద్యుడును ప్రకటించిన పరీక్ష వీటిలో ప్రసిద్ధమైనది. దానికి మొత్తము 30 మార్కులు. ఈనాడు ఏ వారము, ఇది ఏ సంవత్సరము, 100 నుండి 7 తీసివేసిన ఎంత, ఇంతకుముందు చెప్పిన మూడు మాటలేవి అను విధమైన ప్రశ్నలు అందుండును. సామాన్యముగా 24కు తక్కువ వచ్చినచో వైద్యులు అనుమానింతురు.

మన బాబాయిని ఈ ప్రశ్నలు అడిగినచో ఏమగును? అతనికి నాలుగైదు మార్కులు రావచ్చును. కాని ఇరువదవ యేట అడిగియున్నను అన్నియే వచ్చియుండును. కావున ఆ మార్కులు వ్యాధిని చూపుట లేదు; పుట్టుకతో వచ్చిన కొరతను మాత్రమే చూపుచున్నవి.

చెరువులో నీటిమట్టమును చూచుటకు గుర్తులు వేసిన రాతి స్తంభమును నాటుదురు. నీరు అన్నిటికంటె అడుగు గుర్తునకు దిగువకు పోయిన పిమ్మట ఇంకను ఎంత తగ్గినను ఆ స్తంభము చూపజాలదు. సామాన్యుల కొరకు చేసిన పరీక్షలు మేధో వైకల్యము గలవారియెడ ఇట్లే పనిచేయును. ఉన్న కొద్దిపాటి శక్తియు తరిగిపోవుచున్నను ఆ తరుగు మార్కులలో కనబడదు. దీనికి విరుద్ధమైన చిక్కు మరియొకటి కలదు. స్వల్ప వైకల్యము మాత్రమే ఉండి, చక్కగా మాటాడగలవాడు తన శక్తిలో చాల భాగము కోల్పోయినను పరీక్షలో నెగ్గుకొని రావచ్చును. "బాగుగనే ఉన్నాడు" అని మనము మోసపోవుదుము.

అతనికి అతడే కొలత

ఈ చిక్కునకు పరిష్కారము సులభమైనది. అతనిని ఇతరులతో పోల్చరాదు. నిన్నటి అతనితోనే పోల్చవలెను. ఇట్టివారి కొరకు వివిధ దేశములలో తయారైన ప్రశ్నావళులన్నియు ఈ సూత్రముపైననే నిలచియున్నవి.

ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో షౌమిత్ర దేవ్ అను వైద్యుడును సహచరులును 2007లో ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. అందు ప్రశ్నలు రోగిని అడుగుటకు కాదు. అతనిని చిరకాలముగా ఎరిగినవారిని అడుగుటకు. మొట్టమొదట ఆ వ్యక్తి మంచిస్థితిలో ఉన్న కాలమున ఏమేమి చేయగలిగెడివాడని తెలిసికొందురు. తరువాతనే ఇప్పటి స్థితికి వత్తురు. మన భాషలో చెప్పవలెనన్న, ముందు ప్రారంభపు నిల్వ, పిదప ముగింపు నిల్వ.

అమెరికాలో ఈ విషయమునకై ఏర్పడిన జాతీయ కార్యవర్గము తయారుచేసిన పత్రమున సమాధానములు వ్రాయు పద్ధతి మనకు మరింత ఉపయోగకరము. ఒక్కొక్క లక్షణమునకు ఎదురుగా నాలుగు గడులుండును: "ఎప్పుడును ఇట్లే ఉన్నది", "ఎప్పుడును ఉన్నదే గాని ఇప్పుడు హెచ్చినది", "గడచిన సంవత్సరములో క్రొత్తగా వచ్చినది", "ఈతనికి వర్తింపదు". ఇరుగుపొరుగువారి "వాడెప్పుడూ అంతే" అను మాటకు ఇంతకంటె మంచి ప్రత్యుత్తరము లేదు. ఆ మాట నిజమైనచో మొదటి గడిలో గుర్తు పడును. నిజము కానిచో రెండవ, మూడవ గడులు ఆ సంగతిని బయటపెట్టును. ఈ పత్రము వ్యాధిని నిర్ణయింపదనియు, వైద్యునియొద్దకు పోవలసిన అవసరమును మాత్రమే తెలుపుననియు దానిని చేసినవారే స్పష్టముగా చెప్పియున్నారు. మనమును ఆ హద్దును మరువరాదు.

డౌన్ సిండ్రోమ్ గలవారియెడ ప్రత్యేక జాగ్రత్త

1866లో లాంగ్డన్ డౌన్ అను ఆంగ్ల వైద్యుడు ఈ స్థితిని వర్ణించెను. 1959లో ఫ్రెంచి వైద్యుడు జెరోమ్ లెజూన్, ఆయన సహచరులును దీని కారణమును ప్రకటించిరి. మన శరీరకణములలో 21వ క్రోమోజోము రెండు ప్రతులుగా ఉండవలసినది. వీరిలో అది మూడు ప్రతులుగా ఉండును. అల్జైమర్స్ వ్యాధియందు మెదడులో పేరుకొను అమిలాయిడ్ అను పదార్థమునకు మూలమైన జన్యువు ఈ 21వ క్రోమోజోముపైననే కలదు. ప్రతి యొకటి హెచ్చగుటచే ఆ పదార్థమును హెచ్చుగా తయారగును. అందువలన 40 ఏండ్లు వచ్చునప్పటికి దాదాపు అందరి మెదడులోను ఆ వ్యాధి గుర్తులు ఏర్పడును. బయటికి లక్షణములు కనబడుట సామాన్యముగా 50 దాటిన పిదప జరుగును. కొందరిలో ముందుగనే మొదలగును. కావుననే 40వ యేటనుండి ప్రతి సంవత్సరము పరిశీలింపవలెనని నిపుణుల సలహా.

వీరిలో తొలి సూచన మతిమరపే కానక్కరలేదు. ఇష్టమైన పనియందు ఆసక్తి పోవుట, ఎన్నడును లేని మొండితనము, నలుగురిలోనికి రాకుండుట ముందుగా కనబడవచ్చును. నడివయస్సులో మొదటిసారిగా మూర్ఛ వచ్చినచో తప్పక వైద్యునికి చూపవలెను.

నోటుపుస్తకములో ఏమి వ్రాయవలెను

ఇందులకు పట్టణపు పరికరములు అవసరము లేదు. ఒక నోటుపుస్తకము, అతనిని ఎరిగిన మనిషి, ఒక గంట కాలము చాలును. ఈ క్రింది పది విషయములు వ్రాయవలెను.

1. భోజనము: తానే కలుపుకొని తినునా?
2. స్నానము: నీరు తోడుకొనునా, ఒళ్లు తుడుచుకొనునా?
3. బట్టలు: గుండీలు పెట్టుకొనునా, తిరగవేసి తొడుగునా?
4. మలమూత్ర విసర్జన: వేళకు తానే పోవునా?
5. నడక: మెట్లు, గడపలు, కాలువగట్టు దాటుట ఎట్లున్నది?
6. దారి: ఇంటినుండి ఎచ్చటెచ్చటికి ఒంటరిగా పోయి రాగలడు?
7. మాట: ఎన్ని మాటలు కలిపి పలుకును? ఇంటివారిలో ఎవరెవరి పేర్లు చెప్పును?
8. పని: ఏ పనులు చేయును? ఎచ్చట ఆగిపోవును?
9. నిద్ర: ఎప్పుడు పండుకొనును? రాత్రి లేచి తిరుగునా? గురక పెట్టుచు మధ్యలో ఊపిరి ఆగునా?
10. ఇష్టములు: భజన, పాటలు, పిల్లలతో ఆట మొదలగువానిలో వేనియందు ఆసక్తి కలదు?

మొదటి ఎనిమిదింటికి నాలుగు మెట్లలో ఏదో యొకటి గుర్తింపవలెను: తానే చేయును; నోటితో చెప్పినచో చేయును; చేయిపట్టి చేయించవలెను; చేయలేడు. ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు దిగుటయే మనము వెదకుచున్న మార్పు.

వ్రాయునప్పుడు మూడు నియమములు పాటింపవలెను. మొదటిది, చూచినది వ్రాయవలెను గాని తీర్పు వ్రాయరాదు. "బుద్ధి మందగించినది" అనుట కొలత కాదు. "ఉగాదికి రెండు గేదెలను తెచ్చుచుండెను, దసరాకు ఒకదానిని మరచి వచ్చుచున్నాడు" అనుట కొలత. రెండవది, ప్రతి సంవత్సరము అదే మనిషి, అదే ఋతువులో, అవే ప్రశ్నలకు వ్రాయవలెను. జ్వరము వచ్చిన దినమునను, ఇంటిలో పెండ్లి సందడి ఉన్న దినమునను వ్రాయరాదు. మూడవది, ఒక చెడ్డ దినమును చూచి బెదరరాదు. నెలల తరబడి నిలచిన మార్పే లెక్కకు వచ్చును. అయితే రెండు మూడు దినములలోనే మనిషి పూర్తిగా మారిపోయినచో అది వార్ధక్యము కాదు. జ్వరమో, మూత్రపు ఇన్ఫెక్షనో, మందు వికటించుటయో కావచ్చును. పుస్తకము కొరకు చూడక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మార్పు కనబడినచో

మార్పు కనబడినంత మాత్రమున డిమెన్షియా అని నిశ్చయింపరాదు. దానివలెనే కనబడు ఇతర కారణములు పెక్కు కలవు. వానిలో చాల భాగము చికిత్సకు లొంగునవి. కంటిలో శుక్లము వచ్చినవాడు గడపయొద్ద తడబడును. చెవిలో గులిమి గట్టిపడినవాడు, వినికిడి తగ్గినవాడు పిలిచినను పలుకడు. థైరాయిడ్ గ్రంథి మందగించినవాడు నిద్రమత్తుగా, చలనము లేక యుండును. డౌన్ సిండ్రోమ్ గలవారిలో ఈ మూడును హెచ్చు. బి 12 విటమిను లోపము, నిద్రలో శ్వాస ఆగుట, మూర్ఛకిచ్చు మందుల మోతాదు, చెప్పుకొనలేని పంటినొప్పి, మలబద్ధము కూడ మనిషిని మార్చివేయగలవు.

మరియొక కారణమును ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అది దుఃఖము. తల్లి పోయినప్పుడు ఇట్టివానికి అర్థము కాదని ఎంచి, విషయమే చెప్పక పొరుగింటికి పంపు కుటుంబములు కలవు. అతడు మాటలతో అడుగలేడు. తినుట మానును, మూలన కూర్చుండును. దానిని మనము మతిక్షీణత అనుకొందుము. అతనికి అర్థమగు మాటలలో మరణవార్త చెప్పుట, కర్మకాండలో అతనికిని చోటిచ్చుట మన ధర్మము.

ఇప్పుడు బాబాయి సంగతికి వత్తము. వదిన ఆశా కార్యకర్త సాయమున వ్రాయించిన పుస్తకమును ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయినదనుకొందము. "ఏమో బాబూ, తేడాగా ఉన్నాడు" అని చెప్పుటకు బదులు, ఏ నెలలో ఏ పని ఆగినదో ఆమె చూపగలదు. వైద్యుడు కన్ను, చెవి, రక్తము పరీక్షింపజేయును. కథ రెండు విధములుగా ముగియవచ్చును. శుక్లమో థైరాయిడో కారణమైనచో, చికిత్స పిదప పుస్తకములోని మెట్లు తిరిగి పైకి రావచ్చును; రెండవ గేదె ఇంటికి చేరవచ్చును.

ఏ కారణమును దొరకక, పెద్దాసుపత్రి నిపుణులు డిమెన్షియా అనియే నిర్ణయించినచో, ఆ వ్యాధిని పూర్తిగా నయముచేయు మందు నేడు లేదు. అప్పుడును పుస్తకము వ్యర్థము కాదు. పోయినదానితోపాటు మిగిలియున్నదానిని కూడ అది చూపును. రెండు గేదెలు తోలలేనివాడు ఒకదానిని తోలగలడు. అదియు కష్టమైనప్పుడు కుడితి తొట్టియొద్ద నిలువగలడు. కంచము ఒకే చోట పెట్టవలెను. గడప అంచునకు తెల్లరంగు వేయవలెను. తప్పులు దిద్దుచు విసిగింపరాదు. కట్టివేయుట, కొట్టుట ఏ స్థితిలోను కూడదు.

పంచాయతీ చేయవలసినది

పంచాయతీకి ఇందు పెద్ద ఖర్చు లేదు. శ్రద్ధ మాత్రము కావలెను. మొదట, మేధో వైకల్యము కలిగి 40 ఏండ్లు దాటినవారు గ్రామమున ఎందరున్నారో తెలిసికొనవలెను. చాల ఇండ్లలో వీరు బయటికి కనబడరు. ఏ.ఎన్.ఎం., ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆ ఇండ్లు తెలియును. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవచ్చును. ఆ ఇండ్లకు తలకొక నోటుపుస్తకము ఇచ్చి, సంవత్సరమునకొకసారి వ్రాయుటలో సాయపడవలెను. కన్ను, చెవి, థైరాయిడ్ పరీక్షలు ఏటేట జరుగునట్లు చూడవలెను.

ఆ పుస్తకము కుటుంబమునదే. అది వారి ఇంటిలోనే ఉండవలెను. పంచాయతీ కార్యాలయపు బల్లపై ఉంచరాదు, గ్రామసభలో చదువరాదు. ఒకని స్నానపు సంగతియు విసర్జన సంగతియు ఊరి ముచ్చట కారాదు. ఏ సంవత్సరము వ్రాసినారో ఆ తేదీ మాత్రము, కుటుంబము సమ్మతించినచో, కార్యకర్తయొద్ద ఉన్న చాలును.

వైకల్య ధ్రువపత్రము లేనివారికి సదరం శిబిరములలో దానిని ఇప్పించుట, పింఛనుకు దరఖాస్తు పెట్టించుట సభ్యులు చేయదగిన సాయము. తల్లిదండ్రులు వృద్ధులైనచోట వారి తదనంతరము సంరక్షకుడెవరను ప్రశ్న కలదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లాస్థాయి కమిటీయొద్ద చట్టబద్ధమైన సంరక్షకుని నియమింపజేసికొనవచ్చును. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ మేధో వైకల్యము గలవారి కొరకే పనిచేయుచున్నది. తెలుగువారికి ఇంత చేరువలో అట్టి సంస్థ ఉండుట మన భాగ్యము, దానిని ఉపయోగించుకొనవలెను.

బాబాయి వంటివాడు తన లోటును తాను చెప్పుకొనలేడు. అతని నిన్నటిని ఎరిగినది వదిన యొక్కతెయే. ఆమెయు ముసలిదగుచున్నది. ఆమె జ్ఞాపకము కాగితమునకు ఎక్కనిచో, ఆమెతోపాటు అతని ప్రారంభపు నిల్వయు పోవును. ఆ తరువాత ఎంతటి వైద్యుడు వచ్చినను లెక్క తేల్చజాలడు. కావున ఈ మాసముననే ఒక ఇంటితో ఈ పని ప్రారంభింపవలెనని సభ్యులను కోరుచున్నాము.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమున మేధో వైకల్యము కలిగి 40 ఏండ్లు దాటినవారు ఎందరు? వారిని చూచుచున్నవారి వయస్సు ఎంత?
2. "వాడెప్పుడూ అంతే" అని మనము అనుకొనుచున్నవారిలో గడచిన సంవత్సరము క్రొత్తగా వచ్చిన మార్పు ఏదైన కలదా?
3. వారి కన్నులు, చెవులు చివరిసారి పరీక్షించినది ఎప్పుడు?
4. నోటుపుస్తకమును వ్రాయుటకు ఆ ఇంటివారికి చదువు రానిచో సాయపడువారు ఎవరు? వారు గుట్టు కాపాడగలవారేనా?